రంగు మారిన స్ఫటికం

"సాయంత్రం నాలుగింటికి రాగిణిని తీసుకెళ్తాను ఆంటీ," అన్నాడు అనీష్. "అప్పటిదాకా మీరు ఎవరితో కావాలంటే వాల్లతో మాట్లాడండి. ఐ డోంట్ మైండ్."

తెలుగులో 'ళ' అనే అక్షరం ఒకటుందని ఈ కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. హెర్న్‌డన్‌లోనే పుట్టి, ఇక్కడే అమెరికాలో చదివి, ఫెడరల్ ఏజెంట్ అయ్యాడు; ఈ హత్య కేసు అతనిదే. అతను 'ఆంటీ' అన్నప్పుడల్లా నాకు గౌరవం కన్నా 'ఇంటికెళ్ళి పప్పు పోపు పెట్టుకోండి' అన్నట్టే వినిపిస్తుంది.

నా పేరు వసంతలక్ష్మి. హైదరాబాద్‌లో పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసి, ఇక్కడికొచ్చాక వర్జీనియాలో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నాను. నా దగ్గరికొచ్చేవి చాలామటుకు పెళ్ళికొడుకుల కేసులే. అబ్బాయి ఉద్యోగం నిజమేనా, శాంటా క్లారాలో ఇంకో కాపురం ఏమైనా ఉందా, ఇలాంటివి. హత్య కేసు ఒప్పుకోవడం ఇదే మొదలు.

జరిగింది ఇది. మల్లికార్జునరావు గారి కంపెనీ ఉపగ్రహాల్లో పెట్టే ఆసిలేటర్లు తయారుచేస్తుంది. అంటే క్వార్ట్జ్ స్ఫటికంతో నడిచే గడియారాలు. వాటిని పరీక్షించడానికి లోపల ఒక గామా గది ఉంది. నేల కింద గుంటలోంచి గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్ కడ్డీలు పైకి లేస్తాయి. అవి పైకి లేచినప్పుడు ఆ గదిలో మనిషి ఉండకూడదు. పోయిన శుక్రవారం సాయంత్రం టెస్ట్ మేనేజర్ ఆంజనేయప్రసాద్ ఆ గదిలో ఉండగా ఎవరో బయటినుంచి తలుపు మూసి మిషన్ స్టార్ట్ చేశారు. సోమవారం పొద్దున తలుపు తెరిచారు. ప్రసాద్ ఎలా ఉన్నాడో డాక్టరు రాసిన రిపోర్టు నేను చదివాను. అది చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సహించడం లేదు.

తలుపు మూసింది రాగిణి బ్యాడ్జ్‌తో, అంటే తలుపు దగ్గర గీకే ఆమె ఐడీ కార్డుతో. రాగిణి ఆ కంపెనీలోనే క్వార్ట్జ్ ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు, వరంగల్ పిల్ల, హెచ్-వన్ వీసా మీద ఉంది. రూంమేట్లు చందాలు వేసుకుని నన్ను పెట్టుకున్నారు. నాలుగింటిలోపు నేనేమీ తేల్చకపోతే ఆ పిల్ల జన్మంతా జైల్లోనే.

కంపెనీ కాన్ఫరెన్స్ రూంలో రాగిణి మూలనున్న కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఏమైనా తిన్నావా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది.

"సరే, ముందు పని. నాకు క్వార్ట్జ్ అంటే గోడ గడియారం ఒక్కటే తెలుసనుకో. అంతా మొదట్నుంచి చెప్పు."

పని మాట ఎత్తేసరికి ఆ పిల్ల వెన్ను నిటారైంది.

"క్రిస్టల్‌కి కరెంట్ ఇస్తే వణుకుతది ఆంటీ. సెకనుకి ఇన్నిసార్లు అని లెక్క తప్పకుండ. ఆ వణుకే శాటిలైట్‌కి గడియారం. కానీ క్రిస్టల్ ప్యూర్‌గా ఉండాలె. లోపల ఇంచుక అల్యూమినియం ఉంటది, దాన్ని అంటుకొని సోడియం ఉంటది. భూమ్మీద దాంతోని ఏం పరేషాన్ లేదు. పైన రేడియేషన్ తగిలితే ఆ సోడియం ఉన్న జాగల ఉండదు, కదుల్తది. వణుకుడు మారుతది. గడియారం తప్పుతది."

"ఆ సోడియాన్ని తీసెయ్యలేరా?"

"తీస్తరు. క్రిస్టల్‌ని దినాల కొద్దీ ఫర్నేస్‌ల పెట్టి, రెండు దిక్కుల హై వోల్టేజ్ ఇస్తరు. సోడియం మొత్తం ఒక దిక్కుకి గుంజుకొస్తది. స్వీపింగ్ అంటం. చీపురు పెట్టి ఊడ్చినట్టే. ఖర్చు మస్తుగైతది."

"ఊడ్చినదానికీ ఊడ్వనిదానికీ తేడా కంటికి తెలుస్తుందా?"

"అస్సలు తెల్వదు. రెండూ నీళ్ళ లెక్కనే ఉంటయ్. గామా రూంల పెట్టి తీస్తే అప్పుడు తెలుస్తది. ఊడ్చింది అట్లనే తెల్లగ ఉంటది. ఊడ్వనిది పొగబట్టినట్టు గోధుమరంగైతది. మళ్ళ ఫర్నేస్‌ల కాలిస్తే ఆ రంగు పోతది అనుకోండి."

"ప్రసాద్ ట్రేలో ఏముంది?"

"మేం పంపబోయే లాట్‌ల నుంచి తీసిన ముక్కలు. ప్రసాద్ గారికి డౌట్ వచ్చింది. వీకెండంత గామాల పెడ్తనన్నరు. పోలిక చూస్తందుకు గ్యారంటీగ ప్యూర్ అని తెలిసిన ముక్క ఒకటి పక్కన పెట్టిన్రు. సోమవారం చూస్తే అదొక్కటే తెల్లగుంది. మిగిలినయన్ని గోధుమరంగే. అన్నింటి మీద నా స్టాంపే ఉంది. కానీ నేను పాస్ చేసినయి అవి కావు ఆంటీ! ఎవరో మార్చిన్రు. స్టోర్ తాళం నలుగురి దగ్గర ఉంటది."

అనీష్ కథ ఇక్కడే పుట్టింది. నాసిరకం స్ఫటికాలకు రాగిణి డబ్బు తీసుకుని స్టాంపు వేసింది, ప్రసాద్ పట్టుకున్నాడు, అందుకని చంపింది. చెప్పుకోవడానికి కథ బాగానే ఉంది.

"శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"మల్లికార్జునరావు అంకుల్ వాళ్ళింట్ల. సత్యనారాయణ వ్రతం. యాభై మందిమి ఉన్నం."

"బ్యాడ్జ్?"

"బ్యాగ్‌ల ఉండె. బ్యాగ్ బెడ్రూంల మంచం మీద పెట్టిన. అందరివీ ఆడనే పెడ్తరు కదా."

నిజమే. ఈ దేశంలో మనవాళ్ళింట్లో ఏ ఫంక్షనైనా వచ్చినవాళ్ళ కోట్లు, బ్యాగులు మాస్టర్ బెడ్రూం మంచం మీద గుట్టగా పడుంటాయి. ఎవరెళ్ళి ఏది తీసుకున్నా అడిగే నాథుడు ఉండడు.

"ఇంట్లోంచి కదల్లేదు కదా?"

పెదవి కొరుక్కుంది. "పెరుగు అయిపోయిందన్నరు. నేను తెస్తనని లేచిన. నా కార్ వెనక అయిదారు కార్లు అడ్డమున్నయ్. ఆ ఇంటి ఆంటీ తన కార్ తీస్కపొమ్మన్నరు. బ్యాగ్ తెచ్చుకోబోతుంటే, నీ పైసలెందుకమ్మా అని అంకుల్ జేబులకెళ్ళి తీసి చేతిల పెట్టిన్రు. బ్యాగ్, ఫోన్ అక్కడనే విడిచిపెట్టి పోయిన."

ఫోన్ లేదు, కార్డు వాడలేదు, బిల్లు లేదు. శుక్రవారం రద్దీలో ఇండియన్ స్టోర్ వాడికి పెరుగు కొన్న పిల్ల ఎలా గుర్తుంటుంది? సరిగ్గా పెరుగుకెళ్ళిన ఆ పావుగంటలోనే, రెండే రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆఫీసులో ఆ పిల్ల బ్యాడ్జ్ తలుపు మూసింది.

"ఆ టైంలో ఇంకెవరైనా బయటికెళ్ళారా?"

"ఎవ్వరు పోలే."

"బాగా ఆలోచించు."

"అంకుల్ పోయిన్రు గని, అది స్వీట్ ట్రేలు తెచ్చేందుకు. ఇంకెవ్వరు పోలే ఆంటీ."

నేను కూడా తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను. ఇంటి యజమాని స్వీట్ల కోసం వెళ్ళడం బయటికెళ్ళడం కింద మనం లెక్కెయ్యం. చిన్నపిల్ల చేత డబ్బు ఖర్చు పెట్టించని పెద్దమనిషిని అనుమానించం.

తలుపు తట్టి, ఆయనే లోపలికొచ్చారు. మల్లికార్జునరావు గారికి అరవై దాటాయి. కంపెనీ ఆయనది, ఆ గామా గది దగ్గరుండి కట్టించుకున్నదీ ఆయనే. చేతిలో స్టీలు క్యారియర్ ఉంది.

"ఏవమ్మా రాగిణీ, నిన్నట్నుంచి ఏం తినలేదంట! మీ ఆంటీ దొండకాయ వేపుడు చేసి పంపింది. లే, రెండు ముద్దలు తిను." నా వైపు తిరిగి చేతులు జోడించారు. "మీరేనా వసంతలక్ష్మి గారు? ఈ పిల్ల నా కూతురు లాంటిదమ్మా. ఎట్లాగైనా బయట పడెయ్యండి."

క్యారియర్ బల్ల మీద పెట్టడానికి వంగినప్పుడు చొక్కాలోంచి స్ఫటిక మాల బయటికి జారింది. కొన్ని పూసలు నీళ్ళలా తేటగా ఉన్నాయి. కొన్ని మాత్రం పల్చటి టీ డికాషన్ రంగులో ఉన్నాయి. నేను చూస్తున్నానని ఆయన గమనించారు.

"ప్రసాద్‌ని చూసి తట్టుకోలేక ఆ గదిలోనే కూలబడిపోయానమ్మా. అప్పుడు తెగింది. అందరూ తలో పూసా ఏరిస్తే రాగిణే మళ్ళీ గుచ్చిపెట్టింది." పూసల్ని చొక్కాలోకి తోసుకున్నారు. "మనసులో మంట, ఒంట్లో వేడి. స్ఫటికం లాగేసుకుంటుందంటారు కదా. అందుకే ఆ రంగొచ్చింది."

మా అమ్మ కూడా అదే చెప్పేది. స్ఫటికం ఒంటికి చలవ, వేడంతా అది పీల్చేసుకుంటుందని. నేను అవునన్నట్టు తలాడించాను.

బయట నడవాలో అనీష్ నిలబడి ఉన్నాడు. రావు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "బాబూ, ఆ ఫర్నేస్ రూం సీలు ఒక్క గంట తీయించకూడదూ? చిన్న పనుండిపోయింది."

"నో అంకుల్. కేస్ అయ్యేదాకా ఓపెన్ చేయం."

"పోనీలే. ఈ పిల్లనన్నా మా ఇంటికి తీసుకెళ్ళనివ్వు. మూడ్రోజులైంది కంటిమీద కునుకు లేక. కాస్త పడుకుంటుంది. నాలుగింటికి నేనే తెచ్చి అప్పజెప్తాను."

అనీష్ ఒక్క క్షణం ఆలోచించాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. పైగా అడిగింది ఈ ఊళ్ళో అందరికీ అంకుల్. "ఓకే. షార్ప్ ఫోర్."

రాగిణి క్యారియర్ పట్టుకుని ఆయన వెనక వెళ్ళింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి నన్ను చూసి కొంచెం నవ్వింది. ఆ పిల్లకి ఒక పెద్ద దిక్కుందని నాకూ ధైర్యంగానే అనిపించింది.

"రండి, గామా రూం చూపిస్తాను," అన్నాడు అనీష్. "చూశాక మీరే ఒప్పుకుంటారు."

అడుగు పెట్టకముందే నాకు భయం వేసింది. కోబాల్ట్ కడ్డీలు గుంటలో ఉన్నాయి, పైకి లేవకుండా ప్రభుత్వం వాళ్ళు తాళం వేశారు. గామా కిరణాలు ఆగిపోయాక గదిలో ఏమీ మిగలవు. దీపం ఆర్పాక వెలుతురు మిగలనట్టే. ఇదంతా నాకు తెలుసు. తెలిసిన ముక్క బుర్రలో ఉండిపోయింది, కాళ్ళదాకా దిగలేదు.

అనీష్ నా చేతిలో ఇటుకంత రేడియేషన్ మీటరు పెట్టాడు. ఆన్‌లోనే ఉంది. ఆగి ఆగి టిక్... టిక్... అంటోంది.

"ఇది నార్మల్. ఎక్కడైనా అలాగే కొడుతుంది. ఫాస్ట్‌గా కొడితే పరిగెత్తండి." నవ్వాడు. నేను నవ్వలేదు.

రెండు మలుపులు తిరిగే సన్నటి దారి. రెండు పక్కలా బారెడు మందం ఉన్న కాంక్రీటు గోడలు. చివర చిన్న గది. నేల మధ్యలో చతురస్రంగా గుంట నోరు, దాని మీద ఇనుప జల్లెడ, చుట్టూ ఉక్కు అంచు. గోడ పొడుగునా ఎర్ర తాడు కట్టి ఉంది.

"ఆ తాడు లాగితే కడ్డీలు దిగిపోవాలి కదా?"

"యెస్. ప్రసాద్ లాగాడు. చాలాసార్లు లాగాడు." అనీష్ గొంతులో మొదటిసారి తడబాటు విన్నాను. "పని చేయలేదు. బయట ప్యానెల్‌లో దాని వైర్ పీకేశారు. ఆ ప్యానెల్ రాగిణికి తెలుసు."

"ఇంకెవరికి తెలుసు?"

"ఆంటీ, ఆమె బ్యాడ్జ్. ఆమె స్టాంప్. ఆమె ఫోన్ ఇంట్లో వదిలేసింది, ట్రాక్ చేయకూడదని. ఇంకేం కావాలి మీకు?"

"చంపడానికి వెళ్ళే మనిషి ఫోన్ వదిలేసేంత తెలివిగా ఉండి, సొంత బ్యాడ్జ్ వాడుతుందా? తన స్టాంపున్న ముక్కలు ట్రేలో అలాగే వదిలేస్తుందా? సోమవారం దాకా పారిపోకుండా ఎందుకాగింది?"

"పానిక్."

"పెరుగు కొనడానికి వెళ్ళి పానిక్ అయిందా?"

అతని మొహం ఎర్రబడింది. "మీరు పెల్లి కేసులు చేసుకోండి ఆంటీ. ఇది వేరే. ఒక్క నిమిషం ఇక్కడే ఉండండి. మీకు ఒకటి అర్థం కావాలి."

గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. తర్వాత ఒక మోటారు మూలిగింది. బరువైనదేదో నేల మీద జరుగుతున్న చప్పుడు. అదేమిటో నాకు తెలిసేసరికే ఆగిపోయింది.

తలుపు మూసేశాడు.

"అనీష్!" అని అరిచాను. గోడలు ఆ అరుపుని మింగేశాయి. మీటరు నేల మీద పెట్టి, పరిగెత్తుకెళ్ళి రెండు చేతులతో తలుపు బాదాను. అరచేతులు మండాయి కాని చప్పుడే రాలేదు. ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు. వెనక్కొచ్చి ఎర్ర తాడు లాగాను. ఇంకోసారి లాగాను. ఏమీ కాలేదు. ప్రసాద్ కూడా ఇదే తాడు ఇలాగే లాగి ఉంటాడని తోచేసరికి గుంట పక్కన నేల మీద కూలబడ్డాను. ఇదంతా ఉత్తుత్తిదేనని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది. పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తల వంచుకుని ఏడుస్తున్నాను కాబట్టి కనిపించింది. ఉక్కు అంచుకీ కాంక్రీటుకీ మధ్య సన్నటి సందు. అందులో చింతగింజ రంగులో ఏదో గుండ్రంగా మెరుస్తోంది.

మొదట రబ్బరు ముక్క అనుకున్నాను. అనీష్ మనుషులూ అలాగే అనుకుని వదిలేసి ఉంటారు. జడలోంచి పిన్ను తీసి మెల్లగా గీరాను. పైకొచ్చింది. నున్నటి గాజులాంటి గుండు. వేళ్ళ మధ్య పెట్టి దీపానికి ఎదురుగా పట్టాను. నడి మధ్యన, ఈ చివర్నుంచి ఆ చివరికి, సన్నటి బెజ్జం ఉంది.

ప్రసాద్ ట్రేలో ముక్కలు బిళ్ళల్లా ఉంటాయి. ఉపగ్రహాల్లో పెట్టే స్ఫటికాన్ని ఎవరూ గుండు చేసి బెజ్జం వెయ్యరు.

పూసని గుప్పిట్లో పెట్టుకుని, మీటరు ఎడం చేత్తో తీసుకుని లేచాను.

మోటారు మళ్ళీ మూలిగింది. అనీష్ వచ్చాడు, చేతులు కట్టుకుని. "ఒక్క నిమిషమే. మీరు అరిచారు కదా? నాకు ఏమీ వినపడలేదు. ప్రసాద్ అరుస్తూ ఉంటే రాగిణి అక్కడ నిలబడి..." నా మొహం చూసి ఆగిపోయాడు.

చెయ్యెత్తాను కొట్టడానికి. కొట్టలేదు. ఆ చేతిలో పూస ఉంది.

"నీ పాఠం అయ్యిందా? ఇప్పుడు నాది విను. ఇదేమిటో చెప్పు."

అటూ ఇటూ తిప్పి చూశాడు. "బీడ్. ఓ, అంకుల్ నెక్లెస్. సోమవారం ఆయన ఇక్కడ ఏడుస్తూ కూర్చున్నాడు, తెగిపోయింది. నలుగురు విట్‌నెస్‌లు ఉన్నారు. ఇందులో ఏముంది?"

"సోమవారం తలుపు తెరిచినప్పుడు కడ్డీలు ఎక్కడున్నాయి?"

"కింద. కిందకి దిగితేనే తలుపు తెరుచుకుంటుంది."

"అప్పటినుంచి మళ్ళీ పైకి లేచాయా?"

"లేదు. లాక్ చేశాం."

"అయితే సోమవారం పడిన పూసకి ఈ రంగెలా వచ్చింది?"

అనీష్ పూసని మళ్ళీ దీపానికి ఎదురుగా పట్టాడు.

"మాల పూస ఊడ్చిన క్వార్ట్జ్ కాదు అనీష్. కొండలో పుట్టిన రాయి, అల్యూమినియం, సోడియం అన్నీ ఉంటాయి. మామూలుగా నీళ్ళలా ఉంటుంది. కోబాల్ట్ ఎదురుగా పడుంటేనే ఇలా పొగరంగు తిరుగుతుంది, ప్రసాద్ ట్రేలో ముక్కల్లాగే. అంటే కడ్డీలు పైన ఉన్నంతసేపూ ఈ పూస ఈ సందులో ఉంది. శుక్రవారం సాయంత్రం తలుపు మూసుకోకముందే ఇక్కడ పడింది."

"వెయిట్. వెయిట్. అంటే..."

"అంటే ప్రసాద్‌ని ఈ గుంట పక్కన కింద పడతోసినప్పుడు ప్రసాద్ ఆయన మెడ పట్టుకున్నాడు. మాల తెగింది. కొన్ని పూసలు లోపల రాలాయి, మిగతావి చొక్కాలో ఉండిపోయాయి. ఏరుకునే టైము లేదు, ఇంట్లో వ్రతానికొచ్చిన జనం స్వీట్ల కోసం చూస్తున్నారు. సోమవారం అందరికన్నా ముందు లోపలికొచ్చి, కూలబడి, జేబులో ఉన్న పూసలు కూడా అక్కడే పోశాడు. ఏడుస్తున్న పెద్దాయన మాల తెగితే ఎవరైనా ఏం చేస్తారు? వంగి ఏరిపెడతారు. ఏరిపెట్టారు. తేటవీ, రంగువీ కలిపి రాగిణి దారానికి గుచ్చింది."

"కానీ రాగిణి క్వార్ట్జ్ ఇంజనీర్! ఆ రంగు చూసి ఆమెకు తెలియదా?"

"ల్యాబ్‌లో బల్ల మీద పెడితే ఒక్క క్షణంలో చెప్పేది. అంకుల్ మెడలో మాల కదా, దణ్ణం పెట్టుకుని గుచ్చింది." నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "నేనూ చూశాను. ఇందాకే, మూరెడు దూరంలో. ఒంట్లో వేడి అంటే నమ్మాను."

అనీష్ పూసని తిరిగి నా చేతిలో పెట్టాడు. మెల్లగా అన్నాడు, "ఫర్నేస్ రూం."

"అవును. కాలిస్తే రంగు పోతుంది. అందుకే గంట అడిగాడు. క్వార్ట్జ్ కొనేది ఆయన. నాసిరకం కొని, రాగిణి పాస్ చేసినవాటి స్థానంలో పెట్టి, ప్యూర్ అని అమ్ముతున్నాడు. ప్రసాద్ పరీక్షలో బయటపడుతుందని తెలిసింది. బ్యాగులన్నీ ఆయన మంచం మీదే ఉన్నాయి. పిల్లని ఫోన్ లేకుండా పెరుగుకి పంపింది కూడా..."

మాట పూర్తి కాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రాగిణి ఆయనతోనే ఉంది. మేమే పంపాం.

పరిగెత్తాం. రెండు మలుపులూ దాటి నడవాలోకి రాగానే ఫోన్‌లో సిగ్నల్ వచ్చింది. అనీష్ తన ఫోన్‌లో ఎవరికో రావు కార్ నంబరు చెబుతూ ముందుకెళ్ళాడు. నేను రాగిణికి చేశాను. మోగుతోంది. నాలుగుసార్లు మోగింది. దేవుడా, ఎత్తమ్మా.

"హలో ఆంటీ?" నిద్రమత్తు గొంతు. ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడున్నావమ్మా? ఇంటికెళ్ళారా?"

"లేదు ఆంటీ, కార్‌లనే ఉన్నం. గ్రేట్ ఫాల్స్ దిక్కు పోతున్నం. తెగిన మాల మెడల ఉంచుకోవద్దంట. చెత్తల వెయ్యలేం కదా, పారే నీళ్ళల్ల విడవాలె అన్నరు అంకుల్. ఒక్క పది నిమిషాలు అంతే, నీకూ మనసు నిమ్మళమైతది రా అన్నరు."

గ్రేట్ ఫాల్స్ నేను చూశాను. బండల మీదినుంచి పొటోమాక్ నది విరుచుకుపడే చోటు అది. కాలు జారితే ఈతగాళ్ళే తేలరు. మాల పోతుంది. నాలుగింటికి అరెస్టు కావాల్సిన పిల్ల అక్కడ నీళ్ళలో కనిపిస్తే, భయంతో దూకేసిందని అందరూ రాసుకుంటారు. హంతకురాలే చచ్చిపోయాక కేసు ఇంకెవరు తిరగేస్తారు?

"అది తర్వాత చూసుకోవచ్చు తల్లీ, లాయరొచ్చి కూర్చున్నాడు. నీ సంతకం ఒకటి కావాలట. అంకుల్‌ని వెనక్కి తిప్పమను. ఇప్పుడే."

"వసంతలక్ష్మి గారూ." ఆయన గొంతు. ఫోన్ కారు స్పీకరులో పెట్టి ఉంది. ఎంతో మెత్తగా, పొద్దున నాకు దణ్ణం పెట్టినప్పటి గొంతే. "సంతకం ఎక్కడికి పోతుంది లెండి. ఒక్క మాట అడుగుతాను. ఈ మాలలో పూస ఒకటి తక్కువొచ్చిందమ్మా, గుచ్చేటప్పుడు రాగిణి లెక్కపెట్టి చెప్పింది. మీకెక్కడన్నా కనపడిందా?"

"లేదండీ," అన్నాను. "నేనసలు ఆఫీసులో లేను. భోజనానికని రెస్టారెంట్‌కొచ్చాను."

కారు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అనీష్ నా పక్కకొచ్చి ఫోన్ దగ్గర చెవి పెట్టాడు.

"రెస్టారెంట్లో మీటరు మోగుతోందేవమ్మా?"

కిందికి చూసుకున్నాను. నా ఎడం చేతిలో ఇంకా ఆ మీటరు ఉంది. దాన్ని నేను ఆపలేదు. టిక్... టిక్... ఆ గది కట్టించిన మనిషి ఆ చప్పుడు ఎన్నేళ్ళుగా వింటున్నాడో.

"అంకుల్," రాగిణి గొంతు దూరంనుంచి వినిపించింది, "పార్కింగ్ వెనకనే పోయింది. ఇటు ఎవరూ లేరు కదా, ఇక్కడెందుకు..." తర్వాత కారు తలుపుల తాళాలు ఒక్కసారిగా పడ్డ చప్పుడు.

"రాగిణీ! ఆయనతో కారు దిగకు! నీళ్ళ దగ్గరికి వెళ్ళకు!" నడవా అదిరిపోయేలా అరిచాను.

ఆ అరుపు ఆ పిల్లకి చేరిందో లేదో నాకు తెలియదు. ఫోన్ అప్పటికే కట్ అయిపోయింది. అనీష్ పార్కింగ్‌లోకి పరుగు తీశాడు, "ఆంటీ, కమాన్!" అంటూ. ఒక చేతిలో ఫోన్, పూస, ఇంకో చేతిలో టిక్కుమంటున్న ఆ మీటరుతోనే నేను అతని వెనక పరిగెత్తాను.